బారియర్ నీళ్లు

పంక్చరైన ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అతుకు వేసే ముందు నోటితో ఊదుతారు చూడండి, ఆ వాసన తగిలితే నేను ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుంటాను. గోదావరిఖనిలో మా కాలనీకి మళ్లే మూలమీద పోశం పంక్చర్ షాపు ఉంది. నా స్కూటీ చక్రం దిగితే అక్కడిదాకా తోసుకుంటూ పోతాను, దగ్గర్లో ఇంకో షాపు లేక కాదు. పోశానికి నలభై దాటాయి. ఎడమ కన్ను లేదు, ఆ గుంట మీద రెప్ప ముడుచుకుపోయి ఉంటుంది. షాపులో గోడకు ఒక చిన్న టీవీ వేలాడుతుంది, ఈ మధ్య నేను వెళ్లినప్పుడల్లా అందులో సముద్రమే.

అటు ఒక దేశం, ఇటు ఒక దేశం, మధ్యలో ఇద్దరూ మాదంటే మాదనే నీళ్లు. ఆ నీళ్లలో బొగ్గు మోసుకొస్తున్న ఒక సరుకు ఓడకు వెనక భాగంలో ఏదో వచ్చి తగిలింది, ఇంజిన్ చచ్చిపోయింది, ఓడ ఎటు గాలి వీస్తే అటు కొట్టుకుపోతోంది. కొట్టింది మీరంటే మీరని రెండు దేశాలూ తిట్టుకుంటున్నాయి. ఎవరు దగ్గరికి వెళ్లి ఓడను లాక్కొస్తే తప్పు వాళ్లదని ఒప్పుకున్నట్టవుతుందట, అందుకని రెండు వైపులా పడవలు ఆగి చూస్తున్నాయి. ఆ ఓడ ఇంజిన్ గదిలో ఫిట్టర్ మా అన్న రాజేందర్. టీవీలో కోటు వేసుకున్న పెద్దమనుషులు పటం మీద గీతలు గీసి వేలితో పొడుస్తూ ఉంటారు. ఆ గీతలు చూసినప్పుడల్లా నాకు మా క్వారీ కళ్లముందుకొస్తుంది.

మా చిన్నప్పుడు కాలనీ వెనకాల మట్టి గుట్టలు దాటితే, బొగ్గంతా తీసేసి వదిలేసిన పెద్ద గుంత ఉండేది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి అది నిండి, అడుగు కనబడని ఆకుపచ్చ నీళ్లతో, మా కళ్లకు సముద్రమంత అయింది. మధ్యాహ్నం ఎక్కడో బ్లాస్టింగ్ చేస్తే అల్మారాలో గిన్నెలు గలగలమనేవి, సాయంత్రం వరస క్వార్టర్లన్నీ బొగ్గు పొయ్యిలు రాజేస్తే పొగ వీధిలో నడుము ఎత్తున పరుచుకునేది, ఆ నిప్పుల మీద కాల్చిన మక్కకంకులకు ఉప్పూ కారం రాసుకుని, మూతులు నల్లగా చేసుకుని గుంత ఒడ్డుకు పరుగెత్తేవాళ్లం. మా అవ్వ గడపలో కూర్చుని చుట్ట కాలుస్తూ, "ఆ నీళ్ల కింద ఊరోళ్ల చేన్లున్నయి బిడ్డా, అటు పోకున్రి" అనేది. చుట్ట ఆరేలోపు మేం అక్కడే ఉండేవాళ్లం.

అవ్వ చెప్పింది నిజమే. గుంతకు అవతలి ఒడ్డున ఊరు ఉండేది, సగం చేలు పోగా మిగిలిన ఊరు. ఆ పిల్లలు ఈ నీళ్ల కింద మా తాత మక్కచేను ఉంది కాబట్టి నీళ్లు మావి అనేవాళ్లు. బొగ్గు కంపెనీ తవ్వింది, కంపెనీ అంటే అందులో పనిచేసే మా బాపులే, కాబట్టి నీళ్లు మావి అని మేం. మా బాపు ఉద్యోగమంతా భూమి లోపలి బొగ్గు బాయిలోనే, పైనుంచి గుంత తవ్వే ఓపెన్‌కాస్ట్‌లో ఒక్కనాడూ పార పట్టినవాడు కాదు, అయినా గుంత మా బాపు తవ్విందేనని నేను కూడా గొంతు చించుకునేదాన్ని. నీళ్లలో ఉన్నవి నాలుగు పరికె చేపలూ, ఎప్పుడైనా ఒక కొర్రమట్ట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ చేపలు పుట్టకముందే వాటిని పంచుకుని తలలు పగలగొట్టుకునేవాళ్లం.

బారియర్ అనే మాట తెచ్చింది మా అన్న. పక్కపక్కన రెండు బాయిలుంటే మధ్యలో కొంత బొగ్గు తీయకుండా గోడలాగా వదిలేస్తారని, దాన్ని అటువాళ్లూ ఇటువాళ్లూ ముట్టుకోరని, ముట్టుకుంటే ఒక బాయి నీళ్లు ఇంకో బాయిలో పడి మనుషులు మునిగిపోతారని బాపు అన్నం తింటూ చెప్పాడు. అన్న మరునాడే ఒడ్డుకెళ్లి, మా వైపు వంగిపోయిన ఇనుప స్తంభం నుంచి ఊరి వైపు తుమ్మచెట్టు దాకా చెయ్యి చాపి, "నడుమ గది బారియర్. గండ్లకెవ్వడు రావద్దు. వస్తే రెండు దిక్కుల రాళ్లు పడ్తయి" అన్నాడు. ఊరి పిల్లలకు కూడా ఆ మాట నచ్చింది. మనుషుల ప్రాణాలు కాపాడటానికి వదిలే గోడ అని బాపు చెప్పింది ఎవరికీ గుర్తులేదు.

తర్వాత దీవి కట్టడం మొదలైంది. మా వాళ్లు మట్టి గుట్ట నుంచి రాళ్లు దొర్లించి, లోతు తక్కువున్న చోట దిబ్బ పోసి, బ్లాస్టింగ్ అప్పుడు కాపలావాళ్లు ఊపే ఎర్ర జెండా ఒకటి ఎత్తుకొచ్చి దాని మీద పాతారు. తెల్లారి చూస్తే జెండా పక్కన పసుపు కుంకుమ పూసిన రాయి ఉంది. రాత్రికి రాత్రి పోచమ్మ వెలిసిందని ఊరి పిల్లలు అవతల నుంచి దండం పెడుతున్నారు. జెండా పీకొచ్చు గానీ పోచమ్మను ఎవడు పీకుతాడు? మా వాళ్లు తలలు గోక్కుని, చివరికి ఒక కొబ్బరికాయ కొట్టి, పోచమ్మ కూడా మాదే అన్నారు.

నవ్వుకునే సంగతులు అంతవరకే. అవతలివాడు దొరికితే మా వాళ్లు గొంతులోతు నీళ్లలో నిలబెట్టి, షిఫ్టు సైరన్ కూసేదాకా బయటికి రానిచ్చేవాళ్లు కాదు, 'ఈ నీళ్లు మీవే' అని నోట్లోకి నీళ్లు పోతుంటే అనిపించేవాళ్లు. మా వాడు దొరికితే వాళ్లూ అంతే. ఆడపిల్లలం పరికిణీ ఒళ్లలో రాళ్లు ఏరుకొచ్చి కుప్పలు పోసేవాళ్లం. ఒకడు ఏడిస్తే మిగతావాళ్లకు పండగ. పిల్లలు దేవుళ్లతో సమానమని రాసేవాళ్లు ఆ ఒడ్డున ఒక్క సాయంత్రం కూర్చోలేదు.

అది బతుకమ్మ సెలవుల్లో. తంగేడు పూల పసుపు, గునుగుకు వేసిన రంగుల వాసన ఇంటినిండా ఉన్నాయి, మా ఒళ్లో రాళ్లకు బదులు అమ్మ ఇచ్చిన సత్తుపిండి, మలీద ముద్దలు ఉన్నాయి. వాన వెలిసి గాలి లేచింది. ఊరి వైపు నుంచి పోశం, అప్పటికి మా అందరికన్నా చిన్నవాడు, పాత లారీ ట్యూబు మీద బోర్లా పడుకుని చేపల కోసం గాలం వేస్తున్నాడు. గాలి ఆ ట్యూబును నెట్టుకుంటూ నెట్టుకుంటూ బారియర్‌లోకి తెచ్చింది. వాడు చేతులతో తెడ్డు వేశాడు, కాళ్లు కొట్టాడు, ట్యూబు ఎక్కడో కారుతోంది, ఒక పక్కకు ఒరుగుతోంది. "అన్నా, గుంజున్రే" అని అరిచాడు. ఏ అన్నను పిలిచాడో తెలియదు, రెండు ఒడ్ల మీదా అన్నలే.

మా అన్న కదలలేదు. వాడిని తీయడానికి మావాడు దిగితే బారియర్ దాటింది మేమవుతాం. ఊరి పిల్లలూ దిగలేదు, దిగితే రేపటి నుంచి మేం కూడా దిగుతామని. ముందు మాటలు, తర్వాత రాళ్లు. మా వాళ్లు వాడిని అటు తోలడానికి వేశారు, వాళ్లవాళ్లు మా వైపు పోకుండా భయపెట్టడానికి వేశారు. ఆ రాళ్ల వానలో ఏదో ఒకటి తగిలి వాడు ట్యూబు మీద ముఖం ఆనించేశాడు. అప్పుడు రాళ్లు ఆగాయి. కానీ ఎవరూ నీళ్లలో దిగలేదు. మా అన్న నోటి దగ్గర చేతులు పెట్టుకుని "మీ రాయే" అని అరిచాడు. అవతల నుంచి "మీదే" అని వచ్చింది. మీదే, మీదే అని నీళ్ల మీద అరుపులు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి, మధ్యలో ట్యూబు మెత్తబడుతూనే ఉంది, నేను మలీద నమలడం ఆపానో లేదో నాకు గుర్తులేదు. మొదటి షిఫ్టు దిగి సైకిల్ మీద పోతున్న ఎవరో ఒకాయన చూసి, డ్యూటీ బూట్లతోనే దూకి వాడిని లాక్కొచ్చాడు. ఆయన పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

రాయి సంగతి మాత్రం అందరికీ గుర్తుంది, ఎందుకంటే దాని మీద పంచాయతీ జరిగింది. కాలనీ పెద్దలు పిల్లవాణ్ణి దవాఖానకు తీసుకుపోతే రాయి మాదేనని ఒప్పుకున్నట్టవుతుందని ఆగారు. ఊరి పెద్దలు మేం తీసుకుపోతే రాయి మాదవుతుందని ఆగారు. ముందు రాయి ఎవరిదో తేల్చాలన్నారు. ఆ రాయి నీళ్ల అడుగున ఉంది. తండ్రి లేని పోశం, పెద్దల మాట దాటలేని వాళ్లమ్మ, కంటికి ఆకు పసరు కట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. పసరు కట్టు విప్పేనాటికి లోపల చీము తప్ప ఏమీ లేదు. ఆబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్లు విరిగాయని సామెత చెప్పి పెద్దలు లేచిపోయారు. సామెత బాగానే ఉంది. నాకు ఆ పెద్దల మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మా అన్న ఐటీఐ చదివి, ముంబైలో ఓడల మరమ్మతు యార్డులో చేరి, అక్కడి నుంచి ఓడ ఎక్కాడు. ఇన్నేళ్లలో పోశం పేరు ఒక్కసారీ ఎత్తలేదు. ఓడకు దెబ్బ తగిలాక ఒక్కసారి ఫోన్ కలిసింది. "రెండు దిక్కుల పడవలు కనవడుతున్నయే చెల్లె. దగ్గరికస్తలేరు" అన్నాడు. తర్వాత, "ఆ పోశం ఏం జేస్తుండు ఇప్పుడు?" అన్నాడు. నేను చెప్పేలోపు లైను తెగింది. మళ్లీ కలవలేదు.

నిన్న షాపులో పోశం ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూస్తున్నాడు. టీవీలో పటం, గీతలు.

"మీ అన్న ముచ్చట ఏమన్న తెలిసిందా అక్కా?"

"లేదు పోశం. మొన్న ఫోన్ల నిన్ను అడిగిండు, ఏం జేస్తున్నవని."

అతను తల ఎత్తలేదు. "ట్యూబులకు అతుకులేస్తున్నడని చెప్పు" అన్నాడు. వేలితో చిల్లి పట్టుకుని, తొట్టిలోంచి తీసి, తుడిచి, గరుకు కాగితం అందుకున్నాడు. "ఈత అచ్చు గదా అన్నకు?"

"అచ్చు."

"నాకు గూడ అచ్చు ఉండె."

సొల్యూషన్ వాసన గుప్పుమంది. ఓడను ఎవరు కొట్టారో తెలిస్తే గానీ దగ్గరికి పోరట అని, ఎవరో అన్నట్టుగా నా నోటి నుంచే వచ్చింది. పోశం అతుకు మీద బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కుతూ ఆ ఒక్క కంటితో నా వైపు చూశాడు.

"గది తెల్వది అక్కా" అన్నాడు. "నన్ను కొట్టింది ఎవలో ఇంక తెల్వలె."

ఇంటికి క్వారీ దారినే వచ్చాను. ఇప్పుడక్కడ నీళ్లు లేవు. గుంతనంతా కరెంటు ప్లాంటు బూడిదతో నింపి చదును చేశారు. పోచమ్మ దిబ్బ ఎక్కడుందో చెప్పలేం, తుమ్మచెట్టు లేదు, వంగిన స్తంభం లేదు, అవతలి ఊరు లేచి ఎటో పోయింది, మా క్వార్టర్లు సగం ఖాళీ. ఏ నీళ్ల కోసమైతే ఒక కన్ను పోయిందో ఆ నీళ్లను ఇప్పుడు ఎవరూ మావి అనరు. గాలికి బూడిద లేస్తుంటే బండి ఆపి, కళ్లకు కొంగు అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అది మోగలేదు.