డిస్కుకు ముందుచదువు నేర్పిన రోజు

రెండు వేల దశకం నడిమిలో నేను దుమ్ముగూడెంలోని ఒక చిన్న శిక్షణ కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. మాది కారేపల్లి. ఖమ్మంలో లినక్స్ నేర్చుకుని, మొదటి ఉద్యోగానికి గోదావరి ఒడ్డుకు వచ్చాను. కేంద్రం నడిపే సిస్టర్‌కు అరవై దాటాయి. కంప్యూటర్ ముట్టుకోవాలంటే ఆవిడకు భయం, దాని గురించి ప్రశ్నలు వేయడానికి మాత్రం ఏ భయమూ లేదు.

చర్ల వైపు అడవి పల్లెల నుంచి ఆరోగ్య కార్యకర్తలు శిక్షణకు వచ్చేవారు. ఒక విడతలో వాళ్లతోనే మలేరియా మీద చిన్న చిన్న నాటికలు ఆడించి వీడియో తీశాం. ఒక్కో ఊరిదీ ఒక్కో నాటిక. మాటలన్నీ కోయ భాషలోనే, చివర్లో ఆటపాట. ఇళ్లకు బయల్దేరే ముందు ఎవరి నాటిక వాళ్లు చూసుకోవాలని సిస్టర్ పట్టుబట్టారు.

మా కంప్యూటర్లకు సొంత డిస్కులు లేవు. మూలనున్న ఒక్క పాత సర్వరే అన్నిటికీ ఫైళ్లు అందించేది. ముందు ఒక వీడియో పెట్టి చూశాను, హాయిగా ఆడింది. ఆ ధీమాతో అందరినీ కూర్చోబెట్టి అన్నీ ఒకేసారి మొదలుపెట్టాను. సర్వర్ గరగరలాడింది. తెరల మీద బొమ్మలు బిగుసుకుపోయాయి. ఒక తెర మీద దోమ వేషం కట్టిన కార్యకర్త, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ, చేతులు రెక్కల్లా చాచి ఒంటికాలి మీద ఆగిపోయింది.

"ఏంది మేడమ్, ఎగురుడు మర్చిపోయిన్నా నేను?" అంది తెర ముందు కూర్చున్న పెద్దక్క. గది గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది, వెంటనే చెమటలూ పట్టాయి.

సిస్టర్ వచ్చారు. "కరెంటున్నది గదా, గిట్లెందుకు ఆగుతున్నది బిడ్డా?"

"డిస్కుల చదివే ముల్లు ఒక్కటే సిస్టర్. ఈ వీడియోల కొంచెం చదివి ఆ వీడియో కాడికి ఉరుకుతున్నది. చదువుడు కంటే ఉరుకుడుకే టైమ్ పోతున్నది."

"ముద్ద ముద్దకూ వంటింట్లకు పోయొస్తున్నదన్నట్టు!"

"అవ్. పోయినప్పుడల్లా ఎక్కువ తెచ్చుకొమ్మని చెప్తా ఆగండి."

చెప్పడానికి దారి ఉందని చదివాను గానీ, ఎన్నడూ చేసి చూడలేదు. ఒక ఫైలును వరుసగా చదువుతున్నామని లినక్స్‌కు గుండెలాంటి కెర్నెల్ గమనిస్తే, మనం అడగకముందే తర్వాతి భాగాన్ని కూడా చదివి మెమరీలో పెట్టుకుంటుంది. దీన్నే రీడ్‌ఎహెడ్ అంటారు. ఎంత ముందుకు చదవాలో చెప్పేది ఒక అంకె. మా సర్వర్‌లో అది నూట ఇరవై ఎనిమిది కిలోబైట్లు. సర్వర్ ఆపక్కర్లేదు, ఒక్క కమాండ్‌తో మార్చేయొచ్చు.

ఆశకొద్దీ ఏకంగా ఎన్నో మెగాబైట్లకు పెంచేశాను. తెరలన్నీ కదిలాయి, చప్పట్లు మోగాయి. అంతలోనే మళ్లీ గరగర, ఈసారి ఇంకా అధ్వానం. సర్వర్‌లో మెమరీ తక్కువ. ముందే చదివి దాచుకున్నది వాడుకోకముందే, కొత్తదానికి చోటు కోసం దాన్ని పారేస్తోంది. పారేసినదాన్ని మళ్లీ చదువుతోంది.

"మరీ ఎక్కువ వడ్డించిన సిస్టర్," అన్నాను.

అక్కడి నుంచి సగానికి సగం తగ్గించుకుంటూ వచ్చాను. అంకె మార్చిన ప్రతిసారీ "మళ్లీ మొదటి నుంచి పెట్టండక్కా" అని అడగాల్సి వచ్చేది. నాకు మొహమాటంగా ఉంది గానీ వాళ్లకు అదే పండగ. తెరలు ఆగినచోట తామే పాట అందుకునేవారు. తెర మళ్లీ కదిలితే, అది తమకంటే వెనకబడిందని వెక్కిరించేవారు.

అర మెగాబైటు దగ్గర గరగర తగ్గి సన్నని సవ్వడిగా మారింది. నేను తెరల వరస వెంట నడిచాను. ఒక్క తెరా ఆగలేదు. తెర మీద పెద్దక్క దోమై ఎగిరింది, దోమతెరకు తగిలి దభీమని పడింది. తెర ముందున్న పెద్దక్క తాను పడడం తానే చూసుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"ఆగలే మేడమ్! సాంతం వచ్చింది!"

నాటికలు అయిపోయి తెరల మీద ఆట మొదలవగానే కుర్చీలు వెనక్కి జరిగాయి. ఎవరో నా చెయ్యి పట్టి వరసలోకి లాగారు. నాకు అడుగు తెలియదు. తప్పినప్పుడల్లా పక్కనున్న అక్క తుంటితో ఒక్క తోపు తోసి సరిచేసేది. సిస్టర్ కొంగు నడుముకు దోపి వరస చివర చేరారు.

చర్ల బస్సు వెళ్లాక, సర్వర్ మొదలైనప్పుడల్లా ఆ అంకె దానంతటదే పడేలా రాసిపెట్టాను. సిస్టర్ రెండు గ్లాసుల్లో టీ తెచ్చారు. ఇద్దరం కాళ్లు నొక్కుకుంటూ గడప మీద కూర్చుని తాగాం.