మూడు ఖాళీ వరుసలు

నా చిన్నప్పుడు బోధన్‌లో కాలువ వంతెనకు ఇవతల ఒక రాతి స్తంభం ఉండేది. పదిహేడు వరుసల రాయి. రోజూ బడికి వెళ్తూ లెక్కపెట్టేదాన్ని కాబట్టి ఈ సంఖ్యలో తప్పు లేదు. నిజాం రాజ్యం గొప్పను చాటడానికి అప్పటి అధికారి ఒకాయన దాన్ని నిలబెట్టించాడు. నాలుగు వైపులా ఉర్దూలో పొగడ్తలు ఉండేవి. వాటిని చెక్కింది మా తాతయ్యే. ఆయనకు ఏ భాషా చదవడం రాదు. లెక్కలు రాసే మున్షీ సుద్దముక్కతో రాసి ఇచ్చిన గీతల మీద ఉలి నడిపేవాడు, అంతే.

ఇప్పుడు ఆ చోట సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. మొన్న మా మనవరాలు కాలేజీ పుస్తకంలో జర్మనీలోని ఒక పట్టణం సంగతి చదివింది. జాతి గొప్ప చాటడానికి నిలిపిన కట్టడాన్ని యుద్ధంలో ఓడిపోయాక కూల్చేశారట. మన దగ్గర అలాంటిది ఉండేదా అని నన్ను అడిగింది. ఉండేదని చెప్పి ఊరుకున్నాను. దానికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆ స్తంభం కడుతున్నప్పుడు పరంజా కూలి ఏడుగురు కూలీలు చనిపోయారట. అప్పటికి నాకు ఊహ తెలియదు. వాళ్లు పాలమూరు నుంచి తలా ఒక ఊరి నుంచి వచ్చినవాళ్లు. మా తాతయ్యకు వాళ్లలో ఎవరి పేరూ సరిగా తెలియదు. పొడుగోడు, పాటగాడు అని పిలుచుకునేవారు. పని ముగిసే ముందు ఆయన మున్షీని బతిమాలి, హాజరు పుస్తకంలోంచి ఆ ఏడు పేర్లూ అడుగు వరుస రాయి మీద, వెనక వైపు రాయించుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా చెక్కాడు. తర్వాత మున్షీకి బదిలీ అయింది, హాజరు పుస్తకమూ ఆయనతోనే పోయింది. పేర్లు రాయి మీద మాత్రమే మిగిలాయి.

ఆ ఏడుగురిలో ఒకాయన భార్య మా వీధిలోనే ఉండేది. భర్త పోయాడన్న కబురు అంది ఆమె వచ్చేసరికి మిగతా కూలీలు వెళ్లిపోయారు. ఆమె మాత్రం వెళ్లలేదు. చెరకు తోటల్లో కూలికి పోయేది. అందరూ పాలమూరు అవ్వ అనేవారు. ఆ పేర్ల సంగతి తాతయ్య ఆమెకు మాత్రం చెప్పాడు. ఏటా ఆయన పోయిన రోజున వచ్చి, గడ్డి పక్కకు తీసి, ఆ రాయికి కుంకుమ పెట్టేది. తన భర్త పేరు ఏదో చదవడం రాదు కాబట్టి ఏడింటికీ పెట్టేది. ఆ కాలపు ఆడవాళ్లు భర్త పేరు నోట పలికేవారు కాదు. అందుకని ఎవరినీ అడగను కూడా లేదు.

పోలీసు చర్యతో నిజాం పాలన పోయిన తర్వాత, ఆ చలికాలంలో ఆ స్తంభాన్ని పడగొట్టాలని ఊళ్లో నిర్ణయించారు. పడగొట్టడానికి వాళ్లకు కారణాలున్నాయి, నేను కాదనను. మా తాతయ్య కూడా కాదనలేదు. ఒక కుర్రవాడు ఆయన్ను ఆట పట్టిస్తూ, "నువ్వే కడితివి గద తాతా, నువ్వే కూలగొట్టు" అన్నాడు.

"కట్టినందుకు కూలి ఇచ్చిన్రు. కూలగొడితె ఎవలిస్తరు, నువ్విస్తవా?" అన్నాడు తాతయ్య. అందరూ నవ్వారు.

పడగొట్టే రోజు, మంగళవారం పొద్దున, ఆయన నన్ను పిలిచి నోటుబుక్కు, పెన్సిలు చేతికిచ్చాడు. నాకు తొమ్మిదేళ్లు నిండి నాలుగు నెలలు. ఉర్దూ బడిలో నాలుగో తరగతి. ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. "పైన రాతలు నాకద్దు బిడ్డా. కింద ఏడు పేర్లున్నయి. గవి ఒక్కటి ఇడవకుంట రాసుకరా" అన్నాడు.

నేను వెళ్లి ముందుగా పై రాతలే రాశాను. పెద్ద అక్షరాలు, అందంగా ఉండేవి. రెండు పేజీలు నింపుకుని మురిసిపోయాను. ఆ తర్వాతే కింద కూర్చున్నాను. పల్లేరు ముళ్లు, చీమలు. కుర్మయ్య, చిన్న బాలయ్య, హుసేనప్ప, మల్లేశ్. నాలుగు పేర్లు అయ్యాయి. అప్పుడే ఊళ్లోని చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు గంపతో చక్కెర తెచ్చి, చూడవచ్చిన పిల్లలకు పంచడం మొదలుపెట్టారు. మిగిలిన మూడూ వచ్చి రాసుకోవచ్చనుకుని పరుగెత్తాను. గుప్పెడు చక్కెర చేతిలో పడింది. తిరిగి చూసేసరికి మోకులు బిగించారు. పిల్లలను వెనక్కి తోసేశారు. స్తంభం పేర్లున్న వైపే పడింది. సాయంత్రంలోగా ఎడ్లబండ్లు రాళ్లన్నిటినీ కాలువ మీద కొత్తగా కడుతున్న మోరీకి, అంటే చిన్న వంతెనకు, తోలేశాయి.

ఇంటికి వెళ్లే దారిలో, గట్టు మీద కూర్చుని, నోటికి వచ్చిన మూడు పేర్లు రాసి ఏడు చేశాను.

పాలమూరు అవ్వ అప్పటికే మా అరుగు మీద కూర్చుని ఉంది. తాను పలకని పేరు ఇంకొకరి నోట వినాలని వచ్చింది. నేను చదివాను. ఆమె తల వంచుకుని విన్నది. ఏడో పేరు అయ్యాక కూడా అలాగే ఉంది.

"ఇంకోపారి సదువు బిడ్డా."

మళ్లీ చదివాను. అవే ఏడు. ఆమె కొంగు సర్దుకుని లేచింది. "మంచిగ సదివినవ్" అని నా తల నిమిరి వెళ్లిపోయింది. ఆ ఏడింటిలో తన భర్త పేరు రాలేదు. అది కాదు, ఇదని చెప్పాలంటే ఆ పేరు పలకాలి.

ఆమె వెళ్లాక తాతయ్య నోటుబుక్కు తీసుకుని, ఒక్కో వరుస మీద కుడి నుంచి ఎడమకు వేలు నడిపాడు. నాలుగు వరుసల దాకా వేలు తడబడకుండా సాగింది. అయిదో వరుస దగ్గర ఆగింది. ఆ మూడు వరుసలూ చక్కెర చేతులతో రాసినవి, జిగటగా ఉన్నాయి.

"గీ మూడు నా ఉలి కింద నడిసిన గీతలు కావు" అన్నాడు.

నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆయన కొట్టలేదు, అరవలేదు. రబ్బరు నా చేతిలో పెట్టి, ఆ మూడూ నాతోనే చెరిపించాడు. "తెల్వని కాడ తెల్వదని ఇడిసిపెట్టు బిడ్డా. ఒగని జాగల ఇంకొగని పేరు పెడితె, గాయిన్ని రెండోపారి సంపినట్టు" అన్నాడు.

మర్నాడు మేమిద్దరం మోరీ దగ్గరికి వెళ్లాం. అడుగు రాళ్లన్నీ అప్పటికే సున్నం కింద ఉన్నాయి. తాతయ్య తొమ్మిది రోజులు పట్టి ఒక చిన్న రాయి చెక్కాడు. నాలుగు పేర్లు, వాటి కింద మూడు నున్నటి ఖాళీ వరుసలు. దాన్ని మోరీ పక్కన పాతాడు. ఆ ఏడాది పాలమూరు అవ్వ వచ్చి కుంకుమ పెట్టింది. ఆ నాలుగు పేర్లలో తన భర్తది లేదని ఆమెకు తెలుసు. మూడు ఖాళీలకూ పెట్టింది.

తాతయ్య ఆమెను భర్త పేరు అడిగి చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆడిపిల్లవు, నువ్వడిగితె ఏదన్న గుర్తు జెప్తది, పో" అని నన్ను పంపబోయాడు. ఏ దేవుడి పేరనో, ఏ వారం పేరనో ఆడవాళ్లు గుర్తు చెప్పడం నాకు తెలుసు. కానీ అడగాలంటే, ఆ రోజు నేను చదివింది అబద్ధమని ముందు చెప్పాలి. రేపు పోతానన్నాను. మా గడప నుంచి ఆమె గడపకు అరవై మూడు అడుగులు. ఆమె అక్కడ ఇంకా పద్నాలుగు నెలలు ఉంది. నేను వెళ్లలేదు. ఆ తర్వాత చెరకు కొట్టడానికి వచ్చిన పాలమూరు గుంపుతో ఆమె తన ఊరికి వెళ్లిపోయింది. ఆ ఊరి పేరు కూడా మాకు తెలియదు.

తర్వాత నేను నిజామాబాద్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పంతులమ్మగా పనిచేశాను. హాజరు పిలిచేటప్పుడు గంట కొట్టినా చివరి పేరు దాకా పిలిచాను. ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. రబ్బరుతో చెరిపిన చోట కాగితం పలచబడింది, వెలుతురుకు పెడితే అవతలి వైపు కనిపిస్తుంది. ఇప్పటికీ ఎవరినైనా ఒక మాట అడగాల్సి ఉంటే ఆ రోజే లేస్తాను. మోకాళ్లు మొరాయించినా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్తాను. అరవై మూడు దాటితే గానీ దాన్ని దూరమనుకోను.