రష్యా సార్ పొట్టి పార

ఆ రోజుల్లో నాకు తెలిసిన లోకం మా చిలమత్తూరులో మొదలై అనంతపురం బస్టాండులో అయిపోయేది. అయినా రష్యా సైన్యం గురించి అడిగితే మాత్రం గడగడా చెప్పేదాన్ని. సంతకం పెట్టడానికే చేయి వణికే మనిషిని (ఇప్పుడూ అంతే, నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది), ఆ చదువంతా నాకు పొయ్యి దగ్గరే వచ్చింది. నా మొగుడు పోయిన మరుసటి ఏడు, రెండేళ్ల బిడ్డను సంకనేసుకుని, అనంతపురం బయట గుట్ట కింద ఉన్న ఒక శిబిరంలో వంటకు కుదిరాను. పటాలం ఎంపికలకు పిల్లలను తయారుచేసే చోటు అది. వంటింటి వెనకాల ఒక గది కూడా ఇచ్చారు. ఆ గది పోతే మా ఇద్దరికీ తల దాచుకునే చోటు ఇంకొకటి లేదు.

శిబిరం నడిపేది సుబేదారుగా చేసి వచ్చిన పెద్దాయన. ఉద్యోగంలో ఉండగా ఏదో ఉమ్మడి శిక్షణకు రష్యా పోయివచ్చాడట, అందుకని పిల్లలు ఆయన్ని రష్యా సార్ అనేవాళ్లు. పొద్దున పరుగులయ్యాక, సంగటి ఉడికేలోపల, వంటింటి గోడ నీడలో కూర్చోబెట్టి అక్కడి ప్రత్యేక దళాల పాఠం చెప్పేవాడు. స్పెట్స్‌నాజ్ అంటారు వాళ్లను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు పుట్టిన దళాలు. మళ్లీ యుద్ధం వస్తే శత్రువు వెనక్కి పోయి, అణుబాంబులు ఎక్కడ దాచారో కనిపెట్టాలి, వీలైతే అక్కడే పాడుచేయాలి. ఎదురుగా నిలబడి కొట్లాడటం వాళ్ల పని కాదు. చూడాలి, కబురు పంపాలి, వంతెన కూల్చాలి, మాయమవ్వాలి. అట్లాంటి దళం ఉందని చాలా ఏళ్లు బయటికే చెప్పలేదట. విమానాల నుంచి దూకే సిపాయిల దుస్తులే వీళ్లకూ తొడిగారట. తర్వాత ఆఫ్ఘన్ కొండల్లో పోరాడారు. గూఢచారి శాఖ, పోలీసులు కూడా ఎవరి దళం వాళ్లు పెట్టుకున్నారు. "అందరూ ఒకటే అనుకోవద్దండ్రా" అని సార్ తిట్టేవాడు. బందీలను విడిపించబోతే బందీలే చాలామంది చచ్చిపోయిన కథ చెప్పిన రోజు మాత్రం ఆయన సరిగా తినలేదు.

అక్కడి సిపాయి ఒకడు ఆయనకు పొట్టి పార ఒకటి బహుమానం ఇచ్చాడు. మూరెడు పిడి, సానపట్టిన అంచులు. వాళ్లు దాంతో గుంతలు తవ్వుతారు, కట్టెలు కొడతారు, విసిరి మనుషులనూ కొడతారట. (మా ఇంట్లో పార విసిరుంటే మా నాయన నా వీపు చిట్లగొట్టేవాడు. పనిముట్టంటే కళ్లకద్దుకునేది.)

ఒక గురువారం సార్ పరీక్ష పెట్టాడు. వంటిల్లే శత్రు స్థావరం. అక్కడ మేకుకు ఈ పార తగిలిస్తాడు. ఆదివారం మధ్యాహ్నంలోపల నా కంట పడకుండా ఎత్తుకొచ్చినవాడే మొనగాడు. చెప్పడం అయ్యాక నా వైపు తిరిగాడు.

"మ్మే, నువ్వే కావలి. పార పోయిందంటే నువ్వూ మూట కట్టుకోని పోవల్సిందే."

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పొయ్యిలోకని తెచ్చిన చెనక్కాయ పొట్టు రెండు గోతాలు వంటింటి చుట్టూ చల్లేశాను. కాలు పెడితే కరకరమనాలి. శుక్రవారం ముగ్గురు పాకుతూ వచ్చారు.

"ఎవుర్రా అది?"

"ఎవురూ లేరక్కా."

"ఎవురూ లేకపోతే పలికేది మీ తాతా?"

శనివారం ఇంకొకడు కంబళి కప్పుకుని, గొర్రెల మందలో వంగి నడుస్తూ వచ్చాడు. గొర్రెలన్నీ పొట్టు వాసన చూస్తూ నిలబడిపోయాయి, వాడొక్కడే నిలబడలేదు.

ఇక మిగిలింది కుందుర్పి నుంచి వచ్చిన పిల్లవాడు, వాడి జట్టు. వాణ్ని బక్కోడు అనేవాళ్లం. పాకలేదు, ముసుగేసుకోలేదు. ఆదివారం పొద్దున రోడ్డు మీద ఆగి ఉన్న నీళ్ల ట్యాంకర్ ఎక్కి హారన్ మోగించాడు. ఆ ఏడు బోర్లన్నీ ఎండిపోయాయి. ఆ హారన్ వినిపిస్తే మా సీమలో పీటల మీది పెళ్లికొడుకైనా లేచి బిందె అందుకుంటాడు. నేనూ రెండు చేతులా నాలుగు బిందెలు పట్టుకుని పరుగెత్తాను. పోయి చూస్తే ట్యాంకర్ ఖాళీ. బక్కోడు సీటు మీద పళ్లికిలిస్తున్నాడు. నా వెనక్కి చూసి వాడి మొహం మాడిపోయింది. బకెట్లతో శిబిరం మొత్తం వచ్చేసింది. అందరికంటే వెనక బనీను, లుంగీ, చేతిలో తపేలాతో రష్యా సార్.

"మీరెందుకొచ్చినార్రా? పార ఎవురు ఎత్తుకోవల్ల?" అని బక్కోడు తన జట్టు మీద అరిచాడు.

"నువ్వు మాకు చెప్పింటివా?"

"రహస్యం కదప్పా! తెల్సాల్సినోనికి తప్ప చెప్పగూడదని సారే చెప్పె!"

సార్ తపేలాను వెనక్కి దాచుకున్నాడు. మిగతా పంచాయితీ నేను వినలేదు. బిందెలు అక్కడే పడేసి, వచ్చినదానికంటే వేగంగా వెనక్కి పరుగెత్తి, పార కిందికి దించి, గోతం చుట్టి దాని మీద కూర్చున్నాను. సంగటి అడుగంటింది. పప్పు పొంగి పొయ్యి ఆర్పేసింది. లేవలేదు. మాడు వాసనకు సార్ లోపలికొచ్చాడు.

"లెయ్ మ్మే. పొద్దు నెత్తికెక్కింది, పరీక్ష అయిపాయ."

"అయితే గది నాకే కదా సార్?"

"ఏ గది?"

"పార పోతే మూట కట్టుకోమంటిరి కదా."

ఆయన నిజంగానే ఆలోచించాడు. "నేనంటినా? ఎప్పుడంటిని?"

బుకాయించడం కాదు, మరిచిపోయాడు. నేనేమో మూడు రోజులుగా బిడ్డ బట్టలు మూటగట్టి గడప దగ్గర పెట్టుకుని ఉన్నాను. ఆయన ఆ మూట వైపు చూశాడు. కంచం తెచ్చుకుని, మాడిన సంగటే పెట్టించుకుని తిన్నాడు. ముక్కు చిట్లించిన పిల్లలను కళ్లెర్రజేసి తినిపించాడు. ఆ గదిలో నేను తొమ్మిదేళ్లు ఉన్నాను.

ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో ముసుగులేసుకున్న రష్యా సిపాయిలు కనిపిస్తుంటారు. అందరూ వాళ్ల తుపాకులు చూస్తారు. నాకేమో వాళ్లకు పని చెప్పి పంపినవాళ్లు గుర్తొస్తారు, చెప్పింది వాళ్లకు గుర్తుందో లేదో అని. ఆ వెనకే, పార మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఇరవై మూడేళ్ల పిల్ల కళ్లలో మెదిలి నవ్వొస్తుంది. ఎదురుగా ఉంటే, లేవే పిచ్చిదానా, సంగటి మాడుతోంది అని చెప్పేదాన్ని. చెప్పినా లేచేది కాదు.