నా బిడ్డ గీయని గీతలు

మా పెద్దమ్మాయి ఇక లేదు. మొన్నటి వానల్లో జ్వరం వచ్చింది. అనకాపల్లి ఆసుపత్రిలో చేర్చాం, మళ్ళీ ఇంటికి తెచ్చుకోలేకపోయాం. తెలిసినవాళ్ళకి ఈపాటికే తెలిసింది. తెలియనివాళ్ళకి నేనే చెప్పాలని రాస్తున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాది అచ్యుతాపురం అవతల సముద్రం ఒడ్డు. పడవలు వచ్చాక చేపల తట్ట ఆటోలో వేసుకుని అనకాపల్లి వెళ్ళి అమ్ముతాను. నా బిడ్డ అక్కడే డిగ్రీలో లెక్కలు చదివింది. పల్లెల్లో మంచినీళ్ళ ప్లాంట్లు పెట్టే ఒక సంస్థలో చేరింది. వాళ్ళ లెక్కల్ని బొమ్మలుగా గీసిపెట్టడం దాని పని. గ్రాఫులంటారు. "ఫ్యాను కింద కూకుని గీతలు గీత్తావు, దానికి మళ్ళీ జీతం కూడానా?" అని ఏడిపించేదాన్ని.

పేపరు చేతికొస్తే అది గీతల్ని చూసేది కాదు. ముందు పక్కనున్న అంకెల మీద వేలు పెట్టేది. ఎవరేం చెప్పినా దాని నోట ఒకటే మాట, "ఎక్కణ్ణించి?" ఏ అంకె నుంచి మొదలని. మా తోటికోడలు "మావోడి మార్కులు రెట్టింపయ్యేయే" అని మురిసిపోతే, "ఎక్కణ్ణించి పిన్నీ?" అంది. ఆవిడ చాన్నాళ్ళు మా గుమ్మం తొక్కలేదు.

ఒక సాయంత్రం మొహం ముడుచుకుని వచ్చింది. చేపల పులుసు ముద్ద కూడా ముట్టలేదు. ఒక కాగితం నా ముందు పరిచింది.

"సూడమ్మా. ఈ నీలం గీత ప్లాంట్లు, ఎర్ర గీత జ్వరాలు. ఏటి కనపడతంది?"

"ప్లాంట్లు ఎక్కుతన్నాయి, జ్వరాలు దిగుతన్నాయి. మంచిదే కదే?"

"అలా కనపడాలనే ఇలా గీయమన్నారు మా ఆఫీసు సారు. ఎడం పక్క అంకెలు ప్లాంట్లవి, సున్నా నుంచి మొదలు. కుడి పక్కవి జ్వరాలవి, మజ్జిలోంచి మొదలెట్టి సాగదీసేరు. జ్వరాలు తగ్గింది ఇంత" అని గోటి కొన చూపించింది. "ఇందులో సూత్తే కొండ దిగిపోయినట్టుంది. ఈ రెండూ దాటుకున్నకాడ ఏదో గొప్ప జరిగినట్టుంది. అక్కడేటీ జరగలేదమ్మా. కొలతలు ఇంకోలా పెడితే ఇవసలు దాటుకోవు."

నాకు బుర్రకెక్కలేదని తెలిసి నవ్వింది. "నువ్వు నెత్తళ్ళు పోగు పెడతావు కదా, పలచగా పరిచి పెద్ద పోగు సేత్తావు. ఇదీ అంతే."

నెత్తళ్ళు చిన్న చేపలు. వాటిని తూకం వెయ్యం, పోగులు పెట్టి అమ్ముతాం. నాకు రోషం వచ్చింది. "ఓసే, నా పోగుని కొనేవోళ్ళు సేత్తో ఎత్తి సూసుకుంటారే. నీ కాయితాన్ని ఎవరెత్తి సూత్తారు?"

అది నవ్వు ఆపేసింది. "అదేనమ్మా నా గోలంతా" అంది.

మర్నాడు ఆఫీసులో చెప్పిందట, ఒకే గడిలో రెండూ వద్దు, ఒకదాని కింద ఒకటి విడిగా గీద్దాం, నెలలు అవే, రెండూ సున్నా నుంచే అని. వానలు వెనకబడితే ప్లాంటు లేని ఊళ్ళో కూడా జ్వరాలు తగ్గుతాయి, ఆ మాట కింద రాద్దామని కూడా. "అలా గీస్తే ఏం కనపడుతుందమ్మా?" అన్నారట సారు. "ఏమీ కనపడకపోతే ఆ సంగతే తెలియాలి కదా సార్" అందట ఇది. సారు చెప్పినట్టు మాత్రం గీయలేదు. వేరేవాళ్ళు గీశారు. పెద్దల మీటింగులో దాన్నే చూపించారు. నీళ్ళ ప్లాంటుతో జ్వరాలు పోయాయన్నారు. ఈసారి మా ఊళ్ళో కాలవల్లో పూడిక తీసిన నాథుడు లేడు, దోమల పొగ పట్టినవాడు లేడు.

ఆ గ్రాఫే నా బిడ్డని తీసుకుపోయిందని అనను. అనాలని ఉంది. రోజూ నోటిదాకా వస్తుంది. కానీ అది బతికుంటే ఒప్పుకోదు. "రెండూ పక్కపక్కన కనపడ్డాయని, ఒకదాని వల్లే ఇంకోటి అనెయ్యకమ్మా" అంటుంది. నోరారా తిట్టుకునే సుఖం కూడా నాకు మిగల్చకుండా పోయింది.

దినాలయ్యాక సారు ఇంటికి వచ్చారు. మా ఊరి ప్లాంటు దగ్గర నా బిడ్డ గుర్తుగా బోర్డు పెట్టారట, ముసుగు నన్నే తియ్యమన్నారు. తీశాను. అదే నీలం గీత, అదే ఎర్ర గీత. కింద 'రూపకల్పన' అని, పక్కన నా బిడ్డ పేరు. కూడబలుక్కుని చదివేలోపే అందరూ చప్పట్లు కొట్టారు.

"సార్, ఇది నా బిడ్డ గీసింది కాదు."

"ఆమె జ్ఞాపకంగా వేయించామమ్మా. మీరు సంతోషిస్తారనుకున్నాం."

"ఇది గీయననే కదా మీతో గొడవపడింది?"

"ఇందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదమ్మా."

"అంకెలు అబద్ధమని అదెప్పుడన్నాది సార్? కొలతలన్నాది. పేరు తీయించండి."

తోటికోడలు నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఓలమ్మా, నీకేటి పిచ్చా? పిల్ల పేరు ఊళ్ళో ఉంటాది కదే, ఉండనీ."

నేను కదల్లేదు. ఆఖరికి సారు రంగులతన్ని పిలిపించారు. పేరొక్కటే తుడవమన్నారు, గీతల జోలికి వెళ్ళొద్దన్నారు. మా ఊరి మొత్తానికి నా బిడ్డ పేరు రాసి ఉన్నది ఆ ఒక్కచోటే. మొదటి పూతకి అక్షరాలు పోలేదు, తెలుపు కిందనుంచి కనపడుతూనే ఉన్నాయి.

"ఇంకో పూత వెయ్యమంటావేటమ్మా?" అన్నాడు రంగులతను.

వెయ్యమన్నాను. కంపెనీ బస్సులు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆ తెలుపు ఆరేదాకా, మీద దుమ్ము పడకుండా, నా చీర కొంగు అడ్డం పట్టుకుని నిలబడ్డాను.