ఒకరు విప్పిన కెమెరా

ఆ ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ కింద పొడవాటి బల్ల. ఆ చివర పెద్దకోడలు, ఈ చివర చిన్నకోడలు. రీలు కెమెరాలు బాగుచెయ్యడం మామగారి విద్య. కొడుకులకి అబ్బలేదు, కోడళ్లకి అబ్బింది. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక పని మొత్తం వాళ్లదే అయింది.

పెద్దకోడలిది షట్టరు పని. కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కి, "దీనికి జలుబు చేసింది" అంటుంది. ఏ స్ప్రింగు బద్ధకిస్తోందో చప్పుడుని బట్టే చెప్పగలదు. చిన్నకోడలిది అద్దాల పని. బూజు పట్టిన లెన్సు ఆమె చేతిలో పడితే కడిగిన ముత్యమై బయటికొస్తుంది. ఈ పోలిక మామగారిది. పెద్దకోడలి బాధల్లో సగం ఈ పోలిక తెచ్చినవే.

"కాపరానికొచ్చిన కొత్తలోనే ఆయన పక్కన పీట వేసుకుని నేర్చుకున్నాను. స్క్రూ కిందపడితే నేల మీద పాకి వెతికాను. ముత్యాలు మాత్రం నిన్నగాక మొన్న వచ్చినావిడకి" అంది ఒకరోజు, బాగుచెయ్యమని నేనిచ్చిన కెమెరా వెనకమూత తుడుస్తూ. నిన్నగాక మొన్న వచ్చిన ఆ చిన్నకోడలికి బడికెళ్లే పిల్లలిద్దరు.

ఆ మధ్య మామగారు తన సొంత కెమెరాని బీరువాలోంచి తీయించారు. వయసులో ఉండగా కొనుక్కున్నది. ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. లోపలి అద్దం మీద బూజు సాలెగూడులా అల్లుకుంది. ఫోకస్ రింగు ఎండిన గ్రీజుకి బిగుసుకుపోయి తిరగనంటోంది. పెద్దకోడలు చేతులు తుడుచుకుని లేచి నిలబడింది. ఆయన ఆమెని దాటి వెళ్లి, కెమెరా చిన్నకోడలి ముందు పెట్టారు.

"చిన్నమ్మాయ్, నువ్వు చూడమ్మా."

"లేచినదాన్ని లేచినట్టే వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను, అందుకే లేచానన్నట్టు" అని చెప్పింది పెద్దకోడలు.

ఆ దుకాణంలో ఒక కట్టుబాటుంది. ఒకరు విప్పింది ఇంకొకరు ముట్టుకోకూడదు. ఏది ఎక్కడినుంచి వచ్చిందో విప్పిన మనిషికే తెలుస్తుంది కదా. మర్నాడు చిన్నకోడలు లెన్సు విప్పి, ముక్కలన్నీ పళ్లెంలో వరసగా పేర్చి, గుడ్డ కప్పి, పిల్లల్ని తీసుకురావడానికి బడికి వెళ్లింది. పెద్దకోడలు గుడ్డ ఎత్తింది.

"తప్పు దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. దాంతో ఇంకా మండింది."

అద్దాలు నిజంగానే తళతళలాడుతున్నాయి. ఫోకస్ గొట్టం అంచున మాత్రం కాస్త నలుపు ఉంది. ఈమాత్రం తుడవడం కూడా రాదా అనుకుని, స్పిరిట్‌లో ముంచిన దూదితో అంచంతా తుడిచేసింది. తుడిచాక దూది చూస్తే, దాని మీదున్నది గ్రీజు కాదు, పెన్సిలు.

ఆ గొట్టం మరలు ఎన్నో చోట్ల పట్టుకుంటాయి, సరైన చోటు ఒక్కటే. అది తప్పితే దూరాన ఉన్నవేవీ స్పష్టంగా పడవు. అందుకే గొట్టం ఊడివచ్చేచోట గుర్తు పెట్టుకోవాలి. పెద్దకోడలు ఎప్పుడూ సూదితో గీస్తుంది. మామగారి వస్తువు మీద గీత పడకూడదని చిన్నకోడలు పెన్సిలు చుక్క పెట్టింది. సూది గీత తప్ప వేరే గుర్తు ఎరగని మనిషికి ఆ చుక్క మురికిలాగే కనబడింది.

గుడ్డ మళ్లీ కప్పేసింది.

"నిజం చెప్పనా? కడుపు చల్లబడింది. ఇక చూడు ముత్యం సంగతి అనుకున్నాను."

చిన్నకోడలు వచ్చి గుడ్డ తీసి, గొట్టాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఎందాకా వచ్చిందని అడుగుతూ మామగారు లోపలికొచ్చారు.

"గుర్తు చెరిగిపోయింది మామయ్యా. సరిగ్గా పెట్టలేదు కాబోలు. నాదే పొరపాటు."

"పోనీలే తల్లీ. తప్పు ఒప్పుకునేవాళ్ల చేతిలో వస్తువు ఎక్కడికీ పోదు" అన్నారాయన మెత్తగా.

పెద్దకోడలికి ఒళ్లు భగ్గుమంది. చెయ్యని తప్పుకి కూడా మెప్పేనా.

"దానిదేం లేదు మామయ్యా. చెరిపింది నేను."

"ఒకరు విప్పినదాన్ని ఎందుకు ముట్టుకున్నావు?"

"నాకివ్వలేదని."

మామగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "అద్దాలకి దాని చెయ్యి తేలిక, పెద్దమ్మాయ్. నీది బరువు. నీకూ తెలుసు."

తెలుసు. తెలిసిన మాటే అయినా ఆయన నోట వింటే వేరేగా ఉంటుంది. "ఆ మాట మీద కోపం ఇప్పటికీ ఉంది. కానీ తియ్యగా ఓ అబద్ధం ఆడి ఉంటే ఆ బల్ల దగ్గర మళ్లీ కూర్చునేదాన్ని కాదు" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఊరుకోలేదు. "అంత తుడవాలనిపిస్తే వంటింట్లో గిన్నెలున్నాయిగా అక్కా. రా, కెమెరా వెనక పల్చటి కాగితం పెట్టి చూడు. నేను మర మార్చి మార్చి ఎక్కిస్తాను."

కెమెరాని కిటికీలోంచి దూరాన ఉన్న నీళ్లట్యాంకు వైపు తిప్పి కూర్చున్నారు.

"ఇప్పుడో?"

"మసక. నీ మొహంలాగే."

"నా మొహం తర్వాత చూద్దువుగాని, ట్యాంకు చూడు."

సాయంత్రానికి ట్యాంకు నిచ్చెన మెట్లు కాగితం మీద తలకిందులుగా, వేటికవిగా కనబడ్డాయి. మామగారు కెమెరా తీసుకుని, ఇద్దరికీ కలిపి ఒక్క "ఊఁ" అని వెళ్లిపోయారు.

మరి ఆ అసూయ పోయిందా అని అడిగాను.

"ఎక్కడికి పోతుంది, ఉండేది ఒకే ఇంట్లోగా. ఇదివరకు చాటుగా ఏడ్చేదాన్ని, ఇప్పుడు ఎదురుగానే ఏడుస్తున్నాను. ఏ పూటైనా మర్చిపోతే అదే అడుగుతుంది, 'ఏం అక్కా, ఇవాళ ఇంకా ఏడవలేదే' అని."