పూండి దాటి, కథ ఆగిన ఇంటికి

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. రెండేళ్ళుగా నేను టెక్కలి నుంచి పూండి దగ్గరి బడికి రోజూ వెళ్ళివస్తున్నాను. నౌపడలో పాసింజరెక్కడం, పూండిలో దిగి ఆటోలో బడికి పోవడం, సాయంత్రం గంట కొట్టగానే మళ్ళీ స్టేషనుకు పరుగు. బడి దాటాక ఆ రోడ్డు ఎటు పోతుందో కూడా చూడలేదు. నేను చెప్పే ఒకటో తరగతిలో, ఇంట్లో ఒరియా మాట్లాడే పిల్లలు కొందరున్నారు. ఇచ్ఛాపురం వైపు నుంచి కొబ్బరి తోటల కాపలాకీ, పలాస జీడి పనికీ వచ్చిన కుటుంబాల పిల్లలు. వాళ్ళలో సుభద్ర అనే పిల్ల బడిలో చేరిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదు. పలక మీద ముత్యాల్లా రాస్తుంది, పేరడిగితే మాత్రం కాళ్ళకేసి చూస్తుంది. శిక్షణ తరగతుల్లో తల్లిదండ్రులను బడిలో భాగస్వాములను చెయ్యమని చెప్పారు కదా అని సమావేశం పెట్టాను. తివాచీ పరిచాను, బిస్కెట్లు తెచ్చాను. ఆ ఇళ్ళ నుంచి ఒక్కరూ రాలేదు. వీళ్ళకి పిల్లల చదువంటే పట్టింపు లేదని నేనే తీర్మానించేసుకుని, నేనే వెళ్ళి నాలుగు మాటలు చెప్పి వస్తానని బయల్దేరాను. అదీ సంగతి.

మార్గశిర మాసం, గురువారం. మండలంలో టీచర్ల సమావేశం ఉందని బడికి ముందే సెలవిచ్చాం, తీరా సమావేశం వాయిదా పడింది. ఆ రోజు రైలు మానేసి టెక్కలి కాంప్లెక్సులో ఎనిమిదింటికి పలాస బస్సెక్కాను. హైవే మీద గంటలోపే కాశీబుగ్గలో దింపేశాడు. అక్కడ దిగగానే జీడిపిక్కలు కాల్చే ఘాటు గొంతులోకి దిగుతుంది, కొత్తవాళ్ళయితే చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి. బజారులో బొమ్మలున్న అక్షరమాల చార్టు ఒకటి కొన్నాను. టిఫిను చేసి, వజ్రపుకొత్తూరు వైపు పోయే సర్వీసాటో ఎక్కాను. పది రూపాయలకు ఎంత దూరమైనా తీసుకెళ్తారు, కాకపోతే ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోవాలి. డ్రైవరు దాలయ్య నన్ను రోజూ బడి దగ్గర దింపేవాడే.

"మేడమ్, ఇస్కూలు దాటి ఎల్తన్నారేటండి ఇయాల?" అన్నాడు అద్దంలోంచి చూస్తూ.

సుభద్ర వాళ్ళింటికని చెప్పాను.

"మంచిదండి. ఆ ముసలమ్మ బలే కబుర్లు సెప్తాదండి. తెలుగే రాదు గానీ," అన్నాడు.

"నేర్చుకుంటుందిలే, నేను చెప్తాగా," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న ధీమా తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి.

బడి దాటాక దారి మారిపోతుంది. రెండు వైపులా కొబ్బరి తోటలు, మధ్యమధ్యలో జీడిమామిడి, పనస. ఎండ నేల మీద పడదు. దాలయ్య చూపించిన చోట దిగి ఇసక బాటలో కొంచెం నడిస్తే తోట మధ్యలో తాటాకిల్లు. వాకిలి పేడతో అలికి ఉంది. వాకిట్లోంచి గుమ్మందాకా, గుమ్మంలోంచి లోపలికీ బియ్యప్పిండితో వేసిన చిన్న చిన్న పాదాల ముగ్గులు. లక్ష్మీదేవి పాదాలని చూడగానే తెలిసింది. మార్గశిర లక్ష్మివారం మా ఇళ్ళలోనూ ఉంది. చెప్పులు విప్పి, పాదాలు తొక్కకుండా పక్కనుంచి వెళ్ళాను. ఆ మాత్రం మర్యాద నాకు తెలుసు.

అరుగు మీద సుభద్ర వాళ్ళ నాన్నమ్మ కొత్త ధాన్యం చేటలో పోసి ఏరుతోంది. ఆవిడ వీపు మీద వాలి సుభద్ర ఒరియాలో గలగలా మాట్లాడేస్తోంది. ప్రశ్న, నవ్వు, అలక, మళ్ళీ ప్రశ్న. నేను చూసింది ఈ పిల్లనేనా అనిపించింది. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. ఇంత మాట్లాడే పిల్ల బడిలో నోరు కుట్టేసుకుంటుందా! నన్ను చూడగానే ఆ గలగల ఆగిపోయింది. సుభద్ర తల్లి సావిత్రి పరుగున వచ్చి ప్లాస్టిక్ కుర్చీ కొంగుతో తుడిచి వేసింది. "రండమ్మా, కూకోండి. మా ఇంటికి తమరొచ్చినారు," అంటూ మంచినీళ్ళిచ్చింది. వాళ్ళాయన పలాసలో జీడి ఫ్యాక్టరీకి పోయాడట.

కుర్చీలో కూర్చుని ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఇంట్లో ఒరియా మాట్లాడినంత కాలం పిల్లకి తెలుగు రాదని, రాకపోతే వెనకబడిపోతుందని, అందుకని వేసవి సెలవులదాకా ఈ ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట వినపడకూడదని చెప్పాను. "అత్తగారు కూడా," అని ప్రత్యేకంగా అన్నాను. సావిత్రి ఆ మాట అత్తగారికి ఒరియాలో చెప్పింది. ఆవిడ చేట కింద పెట్టి నాకేసి చూసి, బుద్ధిగా తలూపింది.

"తమరు సెప్తే మరేటున్నాదమ్మా. అలాగే సేత్తాం," అంది సావిత్రి.

చార్టు నేనే గుమ్మం లోపలి గోడకు కొట్టాను. లోపల్నుంచి బెల్లం, కొబ్బరి ఉడుకుతున్న వాసన వస్తోంది. ఈ పల్లెల్లో టీచరమ్మ గుమ్మంలోకొస్తే కొబ్బరిబోండమైనా కొట్టి ఇస్తారు. వీళ్ళు మంచినీళ్ళతో సరిపెట్టారు. పైకి అనలేదు గానీ లోపల చిన్నబుచ్చుకున్నాను.

అక్కడినుంచి ఇంకో రెండిళ్ళకు వెళ్ళి అదే పాఠం చెప్పి, సముద్రం దాకా వచ్చాను కదా అని ఒడ్డుకు నడిచాను. తోటలు అయిపోగానే సముద్రం. తెప్పలు ఇసక మీదికి లాగేసి ఉన్నాయి, వలలు ఆరేసి ఉన్నాయి, చూడ్డానికొచ్చినవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు. అక్కడ హోటళ్ళు ఉండవు, టిఫిను కట్టుకుని వెళ్ళండి. నేను తెచ్చుకున్న పులిహోర తిని, పెద్ద పని చేసేశానన్న తృప్తితో చాలాసేపు కూర్చున్నాను. ఎండ గుచ్చుకుంటోందని గొడుగు కోసం వెతికితే, అది సుభద్ర వాళ్ళ అరుగు మీద మరిచిపోయానని గుర్తొచ్చింది. దాలయ్య ఆఖరి ట్రిప్పుకు ఇంకా వేళుంది. సందె వేళకి మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. లోపల దీపం వెలుగుతోంది. కొలపాత్ర నిండా కొత్త ధాన్యం పోసి, పూలు పెట్టి, దాని ముందు పిండివంటలు ఆకుల్లో వడ్డించి ఉన్నాయి. అవన్నీ చల్లారిపోయాయి. పీట ముందు నాన్నమ్మ కూర్చుని ఉంది. సుభద్ర ఆవిడ మోచెయ్యి పట్టి గుంజుతోంది. "జేజెమా, కుహ... కుహ," అంటోంది. నాన్నమ్మా, చెప్పు, అని అడుగుతోందని ఒరియా రాని నాకూ అర్థమైంది. ఆవిడ గోడ మీది చార్టుకేసి చూసి, మనవరాలి నోటి మీద అరచెయ్యి పెట్టింది.

"ఏమైంది?" అన్నాను గుమ్మంలోంచి.

సావిత్రి కంగారుగా లేచింది. "ఏటీ నేదమ్మా. ఈ పూజలో కథ సెప్పాల. ఇంట్లో పెద్దాళ్ళు సెప్తే అందరూ ఇని, అప్పుడు నోట్లో ఏసుకోవాల. మా అత్తకి కథ ఒరియాలోనే వచ్చు. తెలుగులో నన్ను సెప్పమంది. నాకు సగమే వచ్చమ్మా, తప్పు సెప్తే దోషమేమోనని భయమేసినాది."

"పొద్దుట్నుంచీ ఎవరూ తినలేదా?"

"మేం ఉపాసమే కదమ్మా. గుంటకి మజ్జానం అన్నం ఎట్టబోతే కథ ఇనకుండా తిననంటాది. ప్రెతీ ఏడూ ఆల్ల జేజెమాతో కలిసి ఇదీ సెప్తాది."

"చెప్పేయొచ్చు కదా!"

"తమరు వద్దన్నారు కదమ్మా," అంది సావిత్రి. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే బాగుండేది.

సిగ్గుతో చచ్చిపోయాను. మామూలు మాటగా అనడం లేదు, నిజంగా ఆ గుమ్మంలోంచి అటే పారిపోదామనిపించింది. నా మాట బడిలో ఎవరూ లెక్కచెయ్యరని ఏడుస్తూ ఉంటాను. ఈ ఇంట్లో లెక్కచేశారు. ఒక్క పూటలో ఒక పెద్దావిడ నోరు మూయించి, ఒక పిల్లని పస్తు పెట్టాను. సమావేశానికి ఎందుకు రాలేదో అప్పుడడిగాను, పొద్దున అడగాల్సిన మాట. "మా అత్త ఒత్తానన్నాదమ్మా. కోక కూడా మార్సుకున్నాది. అక్కడ మన మాట ఎవరికి తెలుత్తాదని నేనే ఆపేసినాను," అంది సావిత్రి.

నాకు ఒరియాలో క్షమించమనడం రాదు. ముసలావిడకు రెండు చేతులూ జోడించి, కుర్చీ తెస్తున్న సావిత్రిని ఆపి, నేల మీద కూర్చున్నాను. "చెప్పమనండి. ఆవిడకొచ్చిన మాటలోనే," అన్నాను. ఆవిడ నమ్మలేదు, కోడలిని రెండోసారి అడిగి మరీ మొదలుపెట్టింది. లక్ష్మీదేవి అలిగి ఇల్లు విడిచి వెళ్ళిపోయిన కథ అది. కొన్ని చోట్ల సుభద్ర ముందే అందుకుంటోంది. మధ్యలో ఆ పిల్ల నాకేసి తిరిగి, నాకేం తెలియడం లేదని జాలిపడిందేమో, "లచ్చిందేవి ఎలిపోనాది టీచర్. ఇప్పుడాల్లకి కూడు నేదు," అంది. ఇన్ని నెలల్లో ఆ పిల్ల నాతో మాట్లాడిన మొదటి మాట అది. తెలుగులోనే.

కథ అయ్యాక హారతిచ్చి, నాన్నమ్మ ప్రసాదం ఆకు అందుకుంది. మా ఇంట్లో నోము ప్రసాదం గుమ్మంలోకొచ్చినవాళ్ళందరికీ పెడతాం. ఆ అలవాటున నేను కుడిచెయ్యి చాపాను. నాన్నమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. సావిత్రి తల దించుకుంది. సుభద్రే చెప్పింది:

"నీకు ఎట్టకూడదు టీచర్. ఇంటోల్లమే తినాల. నువ్వు మా ఇంటి మనిసివి కాదు కదా."

"ఏయ్, తప్పు!" అని తల్లి కసిరింది. తప్పేం లేదని, చెయ్యి వెనక్కి తీసుకుని, గొడుగు తీసుకుని లేచాను. పొద్దున వాళ్ళు నాకేం పెట్టలేదని చిన్నబుచ్చుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వెళ్తూ గోడ మీది చార్టు తీసేయబోతే సావిత్రి వద్దంది. ఆ అక్షరాలు తనూ నేర్చుకుంటుందట. దాలయ్య ఆటోలోనే పూండికి తిరిగి బయల్దేరాను. "ఏటి మేడమ్, ముసలమ్మకి తెలుగు వచ్చేసినాదా?" అని అతను నవ్వితే, నాకు నవ్వు రాలేదు.

మిగతా రెండిళ్ళకూ తర్వాత వెళ్ళి నా మాట వెనక్కి తీసుకున్నాను, కానీ అన్న మాట అంత తేలిగ్గా వెనక్కి రాదు. మర్నాడు బడిలో హాజరు వేస్తుంటే సుభద్ర బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఏదైనా అడగడానికి ఆ పిల్ల నా దగ్గరికి రావడం అదే మొదలు. "నిన్న కథకి సెప్పమన్నావు కదా టీచర్. ఇయాల కూడా జేజెమా నాతో మాటాడొచ్చా?" అని అడిగింది. నేను మాట్లాడొచ్చన్నాను. రోజూ మాట్లాడొచ్చన్నాను. ఆ అనుమతి ఇవ్వడానికి నేనెవర్ని అని మాత్రం ఆ పిల్లకి చెప్పలేకపోయాను.

మీలో ఎవరైనా ఇలా పిల్లల ఇళ్ళకు బయల్దేరితే ఒక్క సలహా. వజ్రపుకొత్తూరు రోడ్డులో చీకటిపడ్డాక ఆటోలు తక్కువ, అయినా పొద్దున వెళ్ళి పొద్దునే వచ్చేయకండి. చెప్పాల్సింది చెప్పాక సముద్రం చూడండి, సాయంత్రం మళ్ళీ అదే ఇంటికి ఒకసారి వెళ్ళండి. నేను గొడుగు మరిచిపోయాను కాబట్టి వెళ్ళాను.