దమయంతమ్మ గారి నూతి నీళ్ళు

మా ఆవిడ శుక్రవారం పూట పూజ సామాను చింతపండుతో తోముతుంది. తడి ఇత్తడి మీది ఆ పులుపు వాసన వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికి నేను పేపరు పక్కన పెట్టేస్తాను. విశాఖపట్నంలో మూడో అంతస్తులో కూర్చున్నవాణ్ణి కాస్తా బారువలో ఒక పెంకుటింటి అరుగు మీదికి వెళ్ళిపోతాను. అక్కడ దమయంతమ్మ గారు ఇత్తడి చెంబు నిండా నీళ్ళతో నా ముందు నిలబడి ఉంటారు. ఆ రోజు నేను ఆ చెంబు అందుకోలేదు. ఇది రాయడం అందుకే.

బారువ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో పాత రేవు. ఒకప్పుడు ఓడలు ఆగిన ఊరు. ఇప్పుడు పడవలు, ఎండుచేపలు, కొబ్బరితోటలు, ఒక దీపస్తంభం. సోషల్ మాస్టారుగా నా మొదటి ఉద్యోగం అక్కడే. పలాసలో రైలు దిగి బస్సు కోసం నిలబడి ఉంటే, నేనెక్కడికి వెళుతున్నానో విని పక్కనున్న పెద్దాయన, "ఊరు మంచిదే గాని, నూతి నీరు మాత్రం ముట్టకండి మాస్టారూ. అటేపంతా కిడ్నీ జబ్బులు" అన్నాడు. అక్కడికక్కడే రెండు సీసాల నీళ్ళు కొని సంచిలో పెట్టుకున్నాను.

నేను ముందుగది అద్దెకు తీసుకున్న ఇల్లు దమయంతమ్మ గారిది. అప్పటికి ఆవిడకు అరవై దగ్గర పడ్డాయి. భర్త లేడు. కొడుకు లోకనాథం కొబ్బరితోట చూసుకునేవాడు. ఆ ఇళ్ళల్లో గడప తొక్కిన మనిషికి ముందు నీళ్ళిస్తారు, మాటలు తరవాత. ఆవిడ పెరటి నూతిలోంచి అప్పటికప్పుడు తోడి, చెంబు నిండా పోసి తెచ్చారు.

"తాగు బాబూ, ఎండనపడి వచ్చినావు."

నేను సంచిలోంచి సీసా తీశాను. "పర్లేదండీ, నా దగ్గరున్నాయి."

చదువుకున్నవాణ్ణన్న గర్వం కూడా కాస్త ఉంది ఆ మాటలో. ఆవిడ చెంబు వెనక్కి తీసుకుని, ఆ నీళ్ళు గుమ్మం పక్కనున్న బంతి మొక్క మొదట్లో పోశారు. మర్నాడు పొద్దున్నకి నా గది ముందు నీలం రంగు నీళ్ళ క్యాను, దాని మీద ఉతికిన గుడ్డ కనిపించాయి. మూడేళ్ళలో ఆ క్యాను ఖాళీగా ఉండటం నేను చూడలేదు. ఇంటిల్లిపాదికీ అవే తెస్తున్నారనుకున్నాను.

అప్పట్లో నాకు ఊరి చరిత్ర రాయాలన్న పిచ్చి పట్టింది. ఆదివారాలు రేవు దగ్గర తిరగడం, ముసలివాళ్ళను విసిగించి ఓడల కబుర్లు రాసుకోవడం. చుట్టాలెవరైనా వస్తే దీపస్తంభం దగ్గరికి లాక్కుపోయి అరగంట ఉపన్యాసం దంచేవాణ్ణి. ఒక సాయంత్రం నా రాతలు అరుగు మీద కూర్చుని ఆవిడకు చదివి వినిపించాను. కొబ్బరి ఈనెలు చీరుకుంటూ అంతా విన్నారు.

"ఆ దీపస్తంబం కట్టిన కూలోళ్ళు ఏ నూతి నీరు తాగీవోరో రాసినావేటి?"

"అది ఎక్కడా దొరకలేదండీ."

"దొరకదు. నువ్వే అడగాల. ఊరు సూడ్డానికొచ్చినోడు సముద్రం సూసి ఎలిపోతాడు. ఉండడానికొచ్చినోడు నీటి సంగతి అడుగుతాడు."

అప్పుడు నవ్వేశాను గాని, తరవాతి ఆదివారం నుంచి నూతులు చూస్తూ తిరిగాను. ఎవరు తవ్వించారు, ఎవరి పేరుతో పిలుస్తారు, ఏ ఏడు ఎండిపోయింది. ఆ ఊరు నాకు నిజంగా పరిచయమైంది అప్పుడే. ఆవిడ పెరటి నూతికీ ఒక కథ ఉంది. కోడలు దూరం నుంచి బిందె మోసుకురాకూడదని, ఆవిడ కాపురానికి రాకముందే మామగారు దాన్ని తవ్వించారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖం కొత్త పెళ్ళికూతురి ముఖంలా ఉండేది.

నాలుగో ఏడు ఆవిడ కాళ్ళు పొంగాయి. పలాస తీసుకెళ్ళి పరీక్షలు చేయించుకొచ్చిన రోజు, లోకనాథం స్కూలు గేటు దగ్గర నా కోసం నిలబడ్డాడు.

"అమ్మకీ వచ్చీసింది మాస్టారూ."

"క్యాను నీళ్ళు తాగుతూ కూడానా?"

అతను నా వైపు వింతగా చూశాడు. "క్యాను మొదలెట్టింది మీ కోసమే గదా. మీరొచ్చినాక మమ్మల్నీ అవే తాగమంది. తను మాత్రం ఏనాడూ ముట్టలేదు."

తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నిలదీసినట్టే అడిగాను.

"నీటి వల్లేనని డాకటర్లే గట్టిగా సెప్పలేకపోతన్నారు, నువ్వు సెప్పీగలవేటి?" అన్నారు నెమ్మదిగా. "మా మావ నా కోసం తవ్వించిన నుయ్యి. అందరూ కాదంటే దానికి దిక్కెవులు?"

"మరి నాకెందుకు పెట్టారండీ క్యాను?"

"నువ్వు పరాయమ్మ కన్న బిడ్డవి. ఆయమ్మ ఎలగ పంపిందో అలగే ఒప్పసెప్పాల గదా. నువ్వు సీసా తీసిన నాడే అనుకున్నాను."

 ఆ జబ్బు ఎందుకొస్తుందో ఆవిడకు తెలియదు, నాకూ తెలియదు. కానీ నేను ఆ రోజు సీసా తీయకుండా ఉంటే, ఆవిడ నూతి పక్షాన అంత పంతంగా నిలబడేవారా అన్న ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తరవాత నాకు టెక్కలి బదిలీ అయింది. ఆవిడకు పలాసలో డయాలసిస్ మొదలైంది. శనివారాలు బడి అయ్యాక వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. ఆ జబ్బులో నీళ్ళు కూడా కొలిచే ఇస్తారు. గడప తొక్కిన ప్రతివాడికీ చెంబు నిండా ఇచ్చిన మనిషి, ఎండిన పెదాలతో మంచం మీద కూర్చుని గ్లాసు వంక చూసేవారు. నాకు అది చూడటం కష్టంగా ఉండేది.

చివరిసారి వెళ్ళినప్పుడు, "మన నూతి నీరు ఒక్క గుక్క తెచ్చీగలవేటి బాబూ?" అని అడిగారు.

"డాక్టరు గారు వద్దన్నారండీ." అలా అని, నా సంచిలోని సీసా తీసి, మూతలో కొంచెం పోసి ఇచ్చాను. ఆవిడ మూత వంక చూశారు, నా వంక చూశారు.

"ఇన్నేళ్ళయినా సీసా మర్సిపోలేదు" అని నవ్వి, ఆ కాసినీ తాగారు.

ఆ వారంలోనే పోయారు. మూతతో నీళ్ళిచ్చిన రోజు కూడా నేను తప్పు పనేమీ చేయలేదు. డాక్టరు చెప్పినట్టే చేశాను. ఆవిడ దగ్గర రెండుసార్లూ నేను జాగ్రత్తపరుణ్ణే, రెండుసార్లూ ఆవిడ నూతి నీటిని కాదన్నాను.

పన్నెండో రోజుకి బారువ వెళ్ళాను. లోకనాథం భార్య స్టీలు గ్లాసుతో క్యాను నీళ్ళు తెచ్చింది. నూతి నీళ్ళు కావాలమ్మా అన్నాను. ఆ అమ్మాయి మొగుడి వంక చూసింది. అతను పెరట్లోకి వెళ్ళి తోడి, అదే ఇత్తడి చెంబుతో తెచ్చిచ్చాడు. అడుగంటా తాగాను. నేను ఏ చేదో, ఉప్పో ఉంటుందనుకున్నాను.

"తియ్యగున్నాయి" అన్నాను.

"తియ్యగే ఉంటాయి మాస్టారూ" అన్నాడు లోకనాథం. "అందుకే గదా అమ్మ మానలేదు."

ఇప్పటికీ ఏ కోట గురించి పాఠం చెప్పినా, అక్కడివాళ్ళు నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారో ముందు కనుక్కోమంటాను పిల్లలను. ఏ ఇంటికి వెళ్ళినా, ఇచ్చిన నీళ్ళు ఎక్కడివని అడక్కుండా తాగేస్తాను. ఈ వయసులో అదేం మొండితనమని మా ఆవిడ కోప్పడుతుంది. ఆమె మాటే నిజం కావచ్చు. కానీ బారువలో ఒక చెంబు నీళ్ళు బంతి మొక్క మొదట్లో పోశారు. అవి నేను తాగవలసినవి.